డ్రోన్‌కి గాలం కడదామనుకుంటున్నారా? ఆగండి!

సముద్రంలోకి డ్రోన్‌తో ఎర వదిలే వీడియోలు యూట్యూబ్‌లో చూసి, సంక్రాంతికి పామర్రు వెళ్లినప్పుడు నేనూ ట్రై చేశా. 249 గ్రాముల కెమెరా డ్రోన్, నైలాన్ దారం, చిన్న గాలం, ఎర. కాలువ మధ్యకి వెళ్లేసరికి గాలికి దారం లాగేసి డ్రోన్ ఊగిపోయింది. దారం రెక్కకి చుట్టుకోలేదంటే అది నా లక్కే.

ఈ సైజు డ్రోన్లకి వాటి కెమెరా మోయడమే పని. కదిలే నీళ్ల మీద కింది సెన్సార్లు కూడా తికమక పడతాయి. పైగా 2021 డ్రోన్ రూల్స్‌లో బరువంటే మోసే సరుకుతో కలిపి. 250 గ్రాములు దాటితే నానో కాదు, మైక్రో. రెండు వానపాములు చాలు కేటగిరీ మారడానికి! స్వెల్‌ప్రో ఫిషర్‌మ్యాన్ లాంటి వాటర్‌ప్రూఫ్ డ్రోన్లు ఈ పనికోసమే ఉన్నాయి గానీ, 2022 ఫిబ్రవరి నుంచి మనకి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. అయినా అవి అలలు దాటించి ఎర వేయడానికి. మన కాలువకి చెయ్యి విసురు చాలదా?

నిజంగా పనికొచ్చింది కెమెరా. ఎండ సరిగ్గా లేని రోజు తర్వాత, తెల్లారేసరికి చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలతాయి. మావయ్య రోజూ టార్చి పట్టుకుని గట్టంతా తిరుగుతాడు. మర్నాడు వెలుగు రాగానే డ్రోన్ లేపా. ఏ మూల తేలాయో స్క్రీన్ మీద కనబడింది, వెంటనే ఏరేటర్ వేయించాడు. పక్షులు రాకుండా కట్టిన తీగలు మాత్రం కెమెరాలో సరిగ్గా కనబడవు, ఎత్తులోనే ఎగరేయండి.

గాలం కట్టినప్పుడు నవ్విన మావయ్య, అప్పుడడిగాడు: "ఇదెంతరా?"