ఉద్యోగం కోసం ఆడితే ఏం పోయింది?

“మన ఆడపిల్లలు వాలీబాల్ ఆడేది రైల్వే ఉద్యోగం కోసం. ఆర్డరు చేతికొచ్చిన రోజే ఆట అటకెక్కుతుంది. ఇక దేశానికి పతకాలెట్లా వస్తాయి?” ఆటల గురించి నాలుగు ముక్కలు మాట్లాడగలిగిన ప్రతివాడూ ఈ మాట అంటాడు. ఏషియన్ గేమ్స్, ఒలింపిక్స్ దగ్గరపడితే ఇంకాస్త గట్టిగా అంటాడు. దీని వెనకాలే మరో రెండు వాదాలు వస్తాయి: మనవాళ్ళు పొట్టి, పైగా ఆడవాళ్ళ వాలీబాల్ చూసే నాథుడెవడు?

మూడూ తప్పే. మొదటిదైతే తప్పుతో పాటు అన్యాయం.

ఈ మాట నేను ఎక్కువగా విన్నది అశోక్ నగర్‌లో కావడం విచిత్రం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ చౌరస్తా దాకా ఏ సందులో దూరినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఒక్క నోటిఫికేషన్ కోసం గదికి నలుగురు చొప్పున సర్దుకుని, మెస్ కూడు తిని, ఊళ్ళో అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక పండగకు కూడా ఇంటికి పోని పిల్లలు వేలల్లో ఉంటారు. జీవో 29ని రద్దు చేయాలంటూ 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు రోడ్డెక్కింది ఇక్కడే. సర్కారు నౌకరీ మీద ఇంత భక్తి ఉన్న పేట మరొకటి ఉంటుందనుకోను. ఆ పేటలోనే టీ గ్లాసు పట్టుకుని ఒకాయన అంటాడు: “ఆమెకేందన్నా, స్పోర్ట్స్ కోటాల కొట్టేసింది.” ఆయన ఆరేళ్ళ చదువేమో తపస్సు, ఆమె పదేళ్ళ ఆటేమో అడ్డదారి.

ఆ అడ్డదారి ఎట్లా ఉంటుందో కాస్త దగ్గరికి పోయి చూడాలి. సాయంత్రం ప్రాక్టీసు మొదలయ్యే ముందు లిఫ్టర్ కోర్టు పక్కన కూర్చుని పళ్ళతో ప్లాస్టరు చింపి వేళ్ళకు చుట్టుకుంటుంది. మొన్న బ్లాక్‌కు లేచినప్పుడు మెలిపడిన చిటికెన వేలిని పక్క వేలితో కలిపి కడుతుంది. రిసీవ్ మొదలుపెట్టి అరగంట అయ్యేసరికి మణికట్టు పైన చర్మం ఎర్రగా కందుతుంది. సిమెంటు కోర్టయితే డైవ్ చేసినప్పుడల్లా ప్యాడ్ పక్కకు జరిగి మోకాలి తోలు లేస్తుంది. ఒక్క పూట ప్రాక్టీసులో స్పైకర్ ఎన్నిసార్లు ఎగిరిందో లెక్కపెట్టే ఓపిక మనకుండదు, ఆమె మోకాళ్ళకు మాత్రం ఆ లెక్క బాగా తెలుసు. ఇంతా చేస్తే రాష్ట్రంలో క్రీడాకారుల కోటా 2 శాతం. అన్ని ఆటలవాళ్ళూ, ఆడా మగా, అందులోనే పంచుకోవాలి. దీన్ని కొట్టేయడం అంటారా?

అసలు ఈ దేశంలో మహిళల వాలీబాల్ ఇంకా ఊపిరి పీలుస్తోందంటే ఆ ఉద్యోగాల వల్లే. జాతీయ పోటీల్లో మహిళల ఫైనల్ అనగానే గుర్తొచ్చేవి రైల్వే, కేరళ జట్లు. కేరళ జట్టు వెనక కూడా ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉద్యోగాలున్నాయి. జీతమిచ్చి ఆడనిచ్చిన కార్యాలయాలే లేకపోతే జాతీయ జట్టుకు పన్నెండు మందిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

మన ఊరి ఉదాహరణే చూడండి. పి.వి.రమణ రైల్వే ఆటగాడు. 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు, 2000లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆయన భార్య విజయ కూడా జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. వాళ్ళ అమ్మాయి సింధు బ్యాడ్మింటన్‌లో రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చింది. రియోకు ముందు కూతురి వెంట ఉండటానికి రమణకు నెలల తరబడి సెలవిచ్చింది కూడా రైల్వేనే. సింధు తల్లి వాలీబాల్ ఆడేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఏ స్థానంలో ఆడేది, ఏ మ్యాచ్ గెలిపించింది అని మాత్రం ఒక్కరూ అడగరు. మహిళల వాలీబాల్ మన దగ్గర ఎవరో ఒకరి పరిచయ వాక్యంలో సగం ముక్కగా మిగిలిపోయింది.

ఇక ఉద్యోగం వస్తే ఆట పోతుందనే సిద్ధాంతానికి వద్దాం. దీన్ని జపాన్ 1964లోనే పూర్వపక్షం చేసేసింది. ఆ ఏడాది టోక్యోలో మొదటిసారిగా వాలీబాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చారు. మహిళల ఆఖరి మ్యాచ్‌లో సోవియట్ జట్టును 3-0తో ఓడించి జపాన్ బంగారం గెలిచింది. ఆ జట్టులో దాదాపు అందరూ ఒకే యజమాని దగ్గర జీతం తీసుకునేవాళ్ళు. ఒసాకా దగ్గర కైజుకాలోని నిచిబో బట్టల మిల్లు వాళ్ళది. పగలు మిల్లు ఆఫీసులో పని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ప్రాక్టీసు. కోచ్ హిరోబుమి దైమత్సు కూడా ఆ మిల్లు ఉద్యోగే. నేలమీద దొర్లి బంతి లేపి, అదే ఊపులో లేచి నిలబడే రిసీవ్‌ను ఆయన వాళ్ళచేత వేలసార్లు చేయించాడు. ఆ మిల్లు జట్టు వరసగా 258 మ్యాచ్‌లు గెలిచింది. ఆ శిక్షణ కర్కశమని అప్పుడే విమర్శలొచ్చాయి, నిజమే, నేను దాన్ని సమర్థించడం లేదు. కానీ వాళ్ళు ఆడింది ఉద్యోగం వదులుకుని కాదు.

పెళ్ళి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. “పెళ్ళయ్యాక ఎట్లాగూ మానేస్తారు” అనడం మన ఒక్కరి గుత్తసొత్తేం కాదు. ఆ జట్టు కెప్టెన్ మసాయే కసాయ్‌కి ఒలింపిక్స్ అయ్యాక పెళ్ళి సంబంధం కుదిర్చింది సాక్షాత్తు జపాన్ ప్రధాని ఎయిసాకు సాతో. పెళ్ళెప్పుడమ్మా అని అక్కడా వేధించారు. మధ్యలో ఒలింపిక్ బంగారం మాత్రం వచ్చింది.

మనవాళ్ళకు దేశమే పట్టదనేవాళ్ళు ఒక పాత సంగతి తెలుసుకోవాలి. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి జరిగింది 1952లో, మాస్కోలో. ఎనిమిది జట్లు ఆడాయి. ఆసియా నుంచి పోయింది ఒక్క భారత జట్టే. ఎనిమిదో స్థానంలో నిలిచింది, అంటే ఆఖరున. అయినా అక్కడికి పోయింది. జపాన్ మహిళలు ఆ పోటీల్లోకి అడుగుపెట్టింది మరో ఎనిమిదేళ్ళకు, 1960లో. పెట్టీపెట్టగానే రజతం గెలిచారు. 1962లో అదే మాస్కోలో సోవియట్ జట్టును వాళ్ళ గడ్డ మీదే ఓడించి ప్రపంచ విజేతలయ్యారు. మనకంటే వెనక బయల్దేరిన బండి పదేళ్ళలో ఊరు చేరింది. మన మహిళలకు ఏషియన్ గేమ్స్‌లో ఇప్పటికీ ఒక్క పతకం లేదు. మగవాళ్ళకు మూడున్నాయి, అందులో చివరిది రమణ ఆడిన సియోల్‌ది.

తేడా ఎక్కడొచ్చింది? ఉద్యోగంలో కాదు. ఉద్యోగం తర్వాత ఏముందన్నదాంట్లో. నిచిబో మిల్లు అమ్మాయికి జీతంతో పాటు రోజూ కోర్టు ఉంది, పక్కన అదే జట్టు ఉంది, ఎదుట ఎప్పుడూ ఎవరో ఒక ప్రత్యర్థి ఉన్నారు. మన అమ్మాయికి ఆర్డరు కాగితం తర్వాత ఉన్నవి డిపార్టుమెంటు పోటీలు, ఏడాదికోసారి నేషనల్స్. అంతర్జాతీయ టోర్నమెంటు దగ్గరపడితే ఒక క్యాంపు పెడతారు. అది ముగియగానే ఎవరి ఊరికి వాళ్ళు.

వాలీబాల్ ఎవరికి వారు గొప్పగా ఆడితే గెలిచే ఆట కాదు. బంతిని పట్టుకోకూడదు, ఒకరే రెండుసార్లు వరసగా తాకకూడదు, మూడు తాకిళ్ళలో అవతలికి పోవాలి. లిఫ్టర్ చేతి నుంచి బంతి వదిలేలోపే స్పైకర్ పరుగు మొదలుపెట్టాలి. మధ్యలో వేసే క్విక్ అయితే బంతి రాకముందే ఆమె గాల్లో ఉండాలి, బంతి ఆమె అరచేతి దగ్గరికి రావాలి. ఆ నమ్మకం క్యాంపులో పుట్టదు. స్కోరు ఇరవై నాలుగు దగ్గర సమమైనప్పుడు, రిసీవ్ చెడిపోయి బంతి నెట్టుకు దూరంగా పడినప్పుడు, లిఫ్టర్ ఎవరికి లేపుతుందో జట్టులో మిగిలిన ఐదుగురికీ తెలియాలంటే వాళ్ళు కలిసి కొన్ని వందల మ్యాచ్‌లు ఆడి ఉండాలి, కొన్ని ఓడి ఉండాలి కూడా. అశోక్ నగర్‌లో ఒక్క మాక్ టెస్టు రాయకుండా నేరుగా గ్రూప్-1 మెయిన్స్‌కు కూర్చోమంటే ఎవరైనా కూర్చుంటారా? మన జట్టును మనం ఆసియా పోటీలకు పంపుతున్నది అచ్చం అట్లాగే. ఆ మ్యాచ్‌లు కూడా దక్కని రోజులున్నాయి. పదవుల కోసం పెద్దలు కొట్టుకుంటే 2016 డిసెంబరులో అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆ శిక్ష అనుభవించింది ఆటగాళ్ళు.

ఇన్ని అడ్డంకుల్లోనూ దగ్గరి దేశాలతో తలపడినప్పుడు మనవాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. నేపాల్‌కు వాలీబాల్ జాతీయ క్రీడ, 2017లోనే ప్రకటించుకుంది. 2019 దక్షిణాసియా క్రీడల ఫైనల్లో ఆ నేపాల్‌ను ఖాట్మండులోనే ఓడించి మన మహిళలు బంగారం గెలిచారు. మళ్ళీ 2023లో మధ్య ఆసియా చాలెంజ్ కప్ ఫైనల్లో, అదే ఊళ్ళో, కజకిస్తాన్‌ను ఓడించారు. చిక్కడపల్లిలో ఎంతమందికి తెలుసు?

పొడుగు మాట ఎక్కువసేపు అక్కర్లేదు. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జపాన్ జట్టు లిఫ్టర్ యొషియే తకెషితా ఎత్తు 159 సెంటీమీటర్లు. నారాయణగూడ చౌరస్తాలో నిలబడితే అంతకంటే పొడుగైన అమ్మాయిలు నిమిషానికొకరు కనపడతారు. 2006 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే. థాయ్‌లాండ్ వాళ్ళూ పెద్ద పొడుగేం కాదు. 2009, 2013, 2023లో ఆసియా చాంపియన్లు వాళ్ళు. 2009 ఫైనల్లో ఓడింది చైనా. వాళ్ళ లిఫ్టర్ నూట్సరా తొమ్‌కోమ్‌తో కలిసి అదే గుంపు దాదాపు పదేళ్ళపాటు ఒకే కోచ్ కింద ఆడింది, ఆ పదేళ్ళలో ఇంటి దగ్గర లీగ్ ఉంది, టర్కీ దాకా పోయి క్లబ్బులకు ఆడే వీలూ ఉంది. పొడుగు ఉంటే మంచిదే, ఎవరు కాదన్నారు. లేనిదానికి బదులు వేగం పెంచుకోవచ్చు. మ్యాచ్‌లు లేనిదానికి బదులు పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

మిగిలింది ప్రేక్షకుల సంగతి. చూసేవాళ్ళు లేరు కాబట్టి పెట్టం, పెట్టం కాబట్టి చూసేవాళ్ళుండరు. ఈ గానుగ చుట్టూ తిరగడం నారాయణగూడకు కొత్త కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు ఇక్కడ ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే పుణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిపించారు. ముందు ఆడపిల్లలు వచ్చి వరసలో నిలబడాలి, తర్వాత బడి కడతాం అని కూర్చుని ఉంటే ఆ బడి ఇప్పటికీ ఉండేది కాదు. అదే పేటలో వైఎంసీఏ చౌరస్తా ఉంది. వాలీబాల్ పుట్టింది కూడా ఒక వైఎంసీఏలోనే, 1895లో, అమెరికాలోని హోల్యోక్‌లో. బాస్కెట్‌బాల్ ఆయాసమనే నడివయసు వ్యాపారుల కోసం విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు కనిపెట్టాడు. అలసిపోని ఆట కావాలన్న మగవాళ్ళ కోసం పుట్టిన ఆటను చూడటానికి ఇప్పుడు ఇస్తాంబుల్‌లో హాళ్ళు నిండుతున్నాయి, అదీ ఆడవాళ్ళ మ్యాచ్‌లకు. అక్కడి పెద్ద క్లబ్బుల్లో ఒకటి బ్యాంకుది, వకీఫ్‌బ్యాంక్. ఇంకొకటి ఎజ్జాజీబాషీ, మందుల తయారీతో పైకొచ్చిన కుటుంబ సంస్థది. 2023లో టర్కీ మహిళలు నేషన్స్ లీగ్‌నూ, యూరప్ టైటిల్‌నూ ఒకే ఏడాది గెలిచారు. మందుల కంపెనీలకు మన హైదరాబాద్‌లో కరువా?

మగవాళ్ళ విషయంలో ఈ ఊరు ఎంత చురుకో చూశాం. ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్‌ను కోవిడ్ వల్ల కొచ్చిలో జరపలేకపోతే 2022 ఫిబ్రవరిలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి తెచ్చి ఆడించారు. అంత గడ్డు రోజుల్లో కూడా వాయిదా వేద్దాం, జనం వస్తారో రారో అని సందేహించలేదు. హైదరాబాద్ బ్లాక్ హాక్స్‌లో విజయ్ దేవరకొండ వాటాదారుగా చేరితే అన్ని పేపర్లూ రాశాయి. మంచిదే. ఆ లీగ్‌లో ఎన్ని జట్లుంటే అన్నీ మగవాళ్ళవి. మహిళలకు అట్లాంటి లీగ్ ఇంతవరకూ లేదు.

కొత్త స్టేడియం అడగడం లేదు. అదే గచ్చిబౌలి, అవే కెమెరాలు, అదే కామెంటరీ. మగవాళ్ళ మ్యాచ్‌కు ముందు నెట్టును 2.43 మీటర్ల నుంచి 2.24కు దించాలి, ఆ సీజన్ నడిచినన్నాళ్ళూ ఆ అమ్మాయిలకు జీతంతో సెలవివ్వమని రైల్వేను, విద్యుత్ బోర్డును, పోలీసు శాఖను అడగాలి. రమణకిచ్చినట్టే ఇస్తారు. రెండు మూడు సీజన్లు అట్లా ఆడించాక కూడా జట్టు ఓడితే, అప్పుడు వచ్చి టీ కొట్టు దగ్గర ఉద్యోగాల మాట ఎత్తండి, వింటాను.