బ్లోయర్ కొనుగోలు మన విషయమే



పోయిన నెల గేటు మీటింగులో రంగు ఖాతా బ్లోయర్ మాట ఎత్తగానే వెనక నుంచి ఒక తమ్ముడు లేచాడు. "అన్నా, ముందు బోనస్ ముచ్చట చెప్పు. మురికినీళ్ల మిషన్ తోటి మనకేం పని? అది సేటు ఖర్చు, సేటు తలనొప్పి" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. అతని వయసులో నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత తప్పో నాకు ఇరవై మూడు రోజుల పగారు పోయాక తెలిసింది.

అప్పుడు నేను షోలాపూరులో ఒక టవల్ మిల్లు రంగు ఖాతాలో ఉన్నాను. మురికినీళ్ల ట్యాంకుకు గాలి కొట్టే పాత బ్లోయర్ ఒకటి ఉండేది. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని రాత్రి పాళీలో దాన్ని ఆపమని మేనేజరు చెప్పేవాడు. మేమే స్విచ్ ఆపేవాళ్లం, తెల్లవారుజామున మేమే వేసేవాళ్లం. కొన్నాళ్లకు ట్యాంకు నల్లబడింది, కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఒకరోజు బోర్డు వాళ్లు వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోయారు. తరువాత మూత నోటీసు వచ్చింది, కరెంటు తీసేశారు. సేటు ఇంట్లో పొయ్యి ఆరలేదు. మా ఇండ్లల్లో ఆరింది. అందుకే అంటున్నాను, బ్లోయర్ మన విషయమే.

అసలు ఆ గాలి ఎందుకో ముందు తెలుసుకుందాం. నూలుకు పెట్టిన గంజి, సబ్బు, రంగుల్లో కలిపే మందులు అన్నీ కడుగునీళ్లలో దిగుతాయి. వాటిలో చాలా భాగాన్ని తినేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. రంగు పూర్తిగా పోవడానికి వేరే మందులు, వేరే పద్ధతులు కావాలి. గంజిని తినేది మాత్రం వీళ్లే. మనలాగే వాటికి కూడు ఉంటే చాలదు, ఊపిరి కూడా ఆడాలి. ఆ ఊపిరి ఇచ్చేది బ్లోయర్. ఎక్కువ గంటలు గాలి ఆపితే మంచి జీవులు చస్తాయి, మళ్లీ పెంచడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. గాలి లేని బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కూడా పుడుతుంది. అట్లాంటి ట్యాంకులోకి దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికులు మన దేశంలో ఎందరో ఉన్నారు. ఎవరు చెప్పినా సరే, గాలి పరీక్ష లేకుండా, తాడూ పైన మనిషీ లేకుండా దిగవద్దు.

ఇక లెక్క చూద్దాం. ఇట్లాంటి నీటి శుద్ధి ప్లాంటులో కరెంటు ఖర్చులో సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, గాలికే పోతుంది. ఒక బ్లోయర్ గంటకు 30 యూనిట్లు తాగుతుందనుకోండి. రోజుకు 24 గంటలు, ఏడాదికి 330 రోజులు నడిస్తే 2,37,600 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 19 లక్షల రూపాయలు. పదేండ్లకు కోటీ తొంభై లక్షలు! అదే పని నూటికి 15 తక్కువ కరెంటుతో చేసే బ్లోయర్ ఉంటే ఏడాదికి 2 లక్షల 85 వేలు మిగులుతాయి. దాని ధర రెండు లక్షలు ఎక్కువైనా తొమ్మిది నెలల లోపలే తిరిగి వస్తుంది. అయినా యాజమాన్యాలు కొటేషన్లలో అన్నిటికన్నా కింది అంకె చూసి కొంటాయి. తరువాత బిల్లు భరించలేక రాత్రిపూట ఆపుతాయి. చవక మిషన్ కొన్నవాడు ఒకడు, దాని ఖరీదు కట్టేవాడు ఇంకొకడు.

మనకు తెలిసిన పాత బ్లోయర్ రూట్స్ రకం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడిపిన రూట్స్ అన్నదమ్ములు దీనికి 1860లో పేటెంటు తీసుకున్నారు. అంటే ఇది పుట్టింది మిల్లు మనుషుల చేతుల్లోనే. మొండి మిషన్, మన ఫిట్టర్లే విప్పి బిగించగలరు. కానీ ఇది గాలిని లోపల నొక్కదు, పట్టుకుని అట్లాగే ముందుకు తోస్తుంది. అందుకని ఒత్తిడి పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ తింటుంది. రెండు లోబులకు బదులు మూడు లోబులుంటే కరెంటు బాగా ఆదా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. మూడు లోబుల వల్ల ముఖ్యంగా తగ్గేది అదురు, చప్పుడు.

స్క్రూ బ్లోయర్ గాలిని లోపలే నొక్కి బయటికి వదులుతుంది. ట్యాంకు లోతుగా ఉన్నచోట ఇది నిజంగానే ఆదా చేస్తుంది. లోతు తక్కువైతే తేడా కొంచెమే, ధర మాత్రం ఎక్కువే. చాలా వేగంగా తిరిగే టర్బో బ్లోయర్లు పెద్ద ప్లాంట్లకు మంచివి. కానీ వాటికి శుభ్రమైన గాలి, నిలకడైన కరెంటు కావాలి. మన కార్ఖానాల్లో దూది దుమ్ము ఎంతో మీకు తెలుసు. కాబట్టి కొత్తదంతా మంచిదీ కాదు, పాతదంతా చెడ్డదీ కాదు. మన ట్యాంకు లోతెంత, మన నీళ్లెన్ని, అవి ఏ పాళీలో ఎక్కువ వస్తాయి అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

వీఎఫ్‌డీ అనే స్పీడు మార్చే పెట్టె గురించి ఒక మాట. స్పీడు సగం చేస్తే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుందని చెప్పి అమ్ముతారు. ఆ లెక్క ఫ్యానుకు సరిపోతుంది. రూట్స్ బ్లోయర్ నీటి లోతుకు ఎదురుగా తోయాలి కాబట్టి స్పీడు సగమైతే కరెంటు కూడా దాదాపు సగమే అవుతుంది. అదీ మంచి ఆదాయే, కానీ అబద్ధం నమ్మి కొనవద్దు. మరీ తగ్గిస్తే బ్లోయర్ వేడెక్కుతుంది కనుక తయారుచేసినవాళ్లు చెప్పిన హద్దు దాటకూడదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరు ఉండాలి. లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటే సాధారణంగా సరిపోతుంది. అంతకు మించి కొట్టే గాలి డబ్బులు కాల్చినట్టే.

"ఆర్డర్లు లేవు, కొత్త మిషన్‌కు డబ్బెక్కడిది?" అని యాజమాన్యం అంటుంది. ఆర్డర్లు తగ్గిన మాట కొంత నిజమే. అయితే డబ్బు లేకుండా చేయగల పనులున్నాయి కదా! గాలి ఫిల్టరులో దూది దులపడం, బెల్టు బిగువు చూడడం, గాలి ఎక్కువైతే పుల్లీ మార్చి స్పీడు తగ్గించడం, ట్యాంకు అడుగున డిఫ్యూజర్లు కడగడం. నాలుగు మీటర్ల నీళ్లకు చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోల ఒత్తిడి తప్పదు, పైపులకు కొంచెం కలుస్తుంది. డిఫ్యూజర్లు మూసుకుపోయి ఆ ఒత్తిడి 0.45 నుంచి 0.55కి ఎక్కితే కరెంటు దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ప్రెషర్ గేజి చూసి ఈ సంగతి చెప్పగలిగేది పాళీలో నిలబడ్డ కార్మికుడే.

మూత భయం ఉత్తది కాదు. 1974 నీటి చట్టానికి 1988లో చేర్చిన 33ఎ సెక్షన్ ప్రకారం బోర్డు కార్ఖానా మూయించవచ్చు, కరెంటు తీయించవచ్చు. నొయ్యల్ నది పాడైన కేసులో మద్రాసు హైకోర్టు 2011 జనవరి 28న తిరుప్పూరు రంగు కార్ఖానాలన్నిటినీ మూయమంది. వేలమంది పని పోయింది. శుద్ధి ప్లాంటు పనిచేయని కార్ఖానా నడవకూడదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ తీర్పులను నేను తప్పు పట్టను. ఆ నది నీళ్లు తాగేవాళ్లూ, వాటితో సేద్యం చేసేవాళ్లూ మనలాంటి పేదలే. నీళ్లు శుభ్రంగా ఉండాలి, మన పని కూడా ఉండాలి. రెండూ కుదరాలంటే బ్లోయర్ రాత్రీ పగలూ నడపగలిగేదై ఉండాలి.

కాబట్టి యూనియన్ తరఫున అడగవలసినవి ఇవి. ఒకటి, కొటేషన్‌లో మోటారు హార్స్‌పవర్ రాస్తే చాలదు. మన లోతులో, మనకు కావలసిన గాలికి తీగ నుంచి మొత్తం ఎన్ని యూనిట్లు లాగుతుందో రాతపూర్వకంగా ఇవ్వాలి, పరీక్షించి చూపాలి. రెండు, ఒకే పెద్ద బ్లోయర్ బదులు మధ్యరకంవి రెండు, స్టాండ్‌బై ఒకటి ఉండాలి. మూడు, బ్లోయర్‌కు వేరే కరెంటు మీటరు పెట్టి ప్రతి పాళీ రీడింగు రిజిస్టరులో రాయాలి. నాలుగు, చప్పుడు ఆపే డబ్బా పెట్టాలి. 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని నియమం ఉంది, డబ్బా లేని రూట్స్ బ్లోయర్ దగ్గర చాలాచోట్ల అది దాటుతుంది. ఐదు, నడిపేవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. మిగిలిన కరెంటు డబ్బు లెక్క కమిటీ ముందు పెట్టాలి.

ఆ తమ్ముడికి నా జవాబు ఇదే: బోనస్ అడుగుదాం, తప్పక అడుగుదాం. కానీ మిల్లు మూతపడితే బోనస్ ఎవరిని అడుగుతావు? ఈ రాత్రి నీ పాళీలో బ్లోయర్ దగ్గరికి వెళ్లి గేజి చూసిరా. ఆపమని ఎవరన్నా నోటిమాటగా చెబితే, రాసి ఇమ్మను. రాసి ఇవ్వకపోతే యూనియన్ ఆఫీసుకు రా.

— కార్యదర్శి