ఊడ నేలను తాకాలి

కరవు సీమలో నీడను మించిన నిధి లేదు. పుట్టపర్తి పరిసరాల కుటుంబాలకు ఒకనాటి విహారానికి అనువైన చోటు, కదిరికి ఆవల గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను. సుమారు ఐదు ఎకరాలలో విస్తరించిన ఈ వృక్షం 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కింది. ఒక్క చెట్టు వనమైన రహస్యం దాని ఊడలలోనే ఉంది. కొమ్మ నుండి వ్రేలాడే ఊడ నేలను తాకి, వేరూని, స్తంభమై, ఆ కొమ్మనే మోస్తుంది. అట్టి లేత ఊడలను పట్టుకొని పిల్లలు ఊగుతుంటే పెద్దలు చూచి మురియడం తగదు. నేడు తెగిన ఊడ రేపు స్తంభం కాజాలదు. ఆధారం లేని కొమ్మ విరిగితే నీడ తరుగుతుంది. తాతలనాటి నీడలో చద్దిమూట విప్పినవారు మనుమలకు దక్కవలసిన నీడను త్రుంచిపోరాదు. ఊడను తాకకుండా చెట్టును చూడడం పిల్లలకు నేర్పిననాడే ఆ విహారం సార్థకమవుతుంది.