అమ్మ పండుకుంది, మెల్లగ!

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా మామయ్య సిర్పూర్ పేపర్ మిల్లులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే, అత్తమ్మ గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు. "మెల్లగ, మీ మామ పండుకున్నడు" అనేది. కాగజ్‌నగర్‌లో చాలా ఇళ్లల్లో ఇదే పద్ధతి.

మా పక్కింటి చెల్లె రోజూ రైలెక్కి మంచిర్యాలకు ఉద్యోగానికి పోతుంది. తెల్లారి నాలుగున్నరకు లేస్తే రాత్రి పదకొండు దాటాకే నడుము వాల్చేది. ఆదివారం మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే చాలు, "అమ్మా, చార్జర్ ఏది?" అని ఒకరు, "చాయ్ పెడ్తవా?" అని ఇంకొకరు. ముచ్చట్లకని తలుపు కొట్టి లేపిన వాళ్లలో నేనూ ఉన్నాను.

పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. "తొందరగా పడుకో" అని ఆమెకు చెప్పడం తేలికే. మరి గిన్నెలెవరు తోమాలి? 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలే. అమ్మల నిద్ర పోతున్నది ఆ తేడాలోనే.

ఉద్యోగం చేసే అమ్మవి రోజూ రెండు షిఫ్టులు. రాత్రి గిన్నెలు, పొద్దుటి టిఫిన్ బాక్సులు ఇంట్లోవాళ్లు పంచుకుంటే ఆమెకు ఇంకో గంట నిద్ర దొరుకుతుంది. మామయ్య నిద్రకు ఇచ్చిన మర్యాదే ఆమె నిద్రకూ ఇద్దాం.