స్ట్రెస్ కొలిచే వాచ్ ఇచ్చారు సరే.. రాత్రి 2 గంటల అలర్ట్‌ల సంగతేంటి?

రాత్రి 2:40. ఫోన్ మోగింది. మామూలు రింగ్‌టోన్ కాదు, ఆన్‌కాల్ యాప్ కోసం పెట్టుకున్న సైరన్ టోన్. కళ్లు నులుముకుంటూ లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కనెక్ట్ చేసి చూస్తే ఒక సర్వర్‌లో డిస్క్ 80 శాతం దాటిందట. 3 గంటలకి పాత లాగ్‌లు డిలీట్ చేసే జాబ్ ఎలాగూ రన్ అవుతుంది. అది అయ్యాక డిస్క్ దానంతట అదే దిగుతుంది. ఈ విషయం నాకు తెలుసు, మా టీమ్‌లో అందరికీ తెలుసు. అయినా ఎవరో ఒకరు లేచి 'ఎక్నాలెడ్జ్' బటన్ నొక్కాలి. నొక్కాను. మళ్లీ నిద్ర పట్టేసరికి నాలుగున్నర.

పొద్దున్న లేవగానే చేతికున్న వాచ్ ఒక మెసేజ్ చూపించింది. రాత్రి మీ స్ట్రెస్ ఎక్కువగా ఉంది, రెండు నిమిషాలు బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ చేద్దామా అని.

ఆ వాచ్ నేను కొన్నది కాదు. ఆఫీస్ వాళ్లు ఎంప్లాయీ వెల్‌నెస్ ప్రోగ్రామ్ కింద ఇచ్చారు. దాంతో పాటు ఒక మెడిటేషన్ యాప్ సబ్‌స్క్రిప్షన్, రోజుకి 10,000 అడుగుల ఛాలెంజ్, టీమ్‌ల వారీగా లీడర్‌బోర్డ్ కూడా. అంటే నన్ను రాత్రి లేపేదీ ఆఫీసే, లేచినందుకు స్ట్రెస్ తగ్గించుకోమని చెప్పేదీ ఆఫీసే అన్నమాట.

ఇది ఆ వాచ్ రివ్యూ కాదు. వాచ్ బాగానే ఉంది, బ్యాటరీ వారం వస్తోంది. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆఫీస్ స్ట్రెస్ అనేది చాలాసార్లు మన ఒంట్లో ఉన్న బగ్ కాదు, మనం పనిచేసే సిస్టమ్‌లో ఉన్న బగ్. బగ్ సర్వర్‌లో ఉంటే యూజర్‌కి ప్యాచ్ వేస్తే ఏం లాభం?

వాచ్ నిజంగా కొలిచేది ఏంటి?

వాచ్ అడుగున పచ్చగా వెలిగే ఎల్ఈడీలు చూసే ఉంటారు. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి వచ్చే కాంతి కొంచెం మారుతుంది, సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య టైమ్ ఎంత మారుతోందో లెక్కపెడుతుంది. దీన్నే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. రిలాక్స్‌గా ఉన్నప్పుడు ఈ తేడా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, ఒంటి మీద ఒత్తిడి ఉన్నప్పుడు తగ్గుతుంది. చాలా వాచ్‌లలో స్ట్రెస్ స్కోర్‌కి ఆధారం ఇదే.

కానీ కాఫీ తాగినా, జ్వరం వచ్చినా, మెట్లు ఎక్కినా ఆ స్కోర్ మారిపోతుంది. క్రికెట్ మ్యాచ్ లాస్ట్ ఓవర్‌లో నా వాచ్ నేనేదో పెద్ద కష్టంలో ఉన్నట్టు చూపించింది. అంటే ఒంట్లో ఏదో జరుగుతోందని వాచ్ చెప్పగలదు, ఎందుకు జరుగుతోందో చెప్పలేదు. ఆ 'ఎందుకు' కనుక్కోవాల్సింది మనం, మన మేనేజర్లు.

10,000 అడుగుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఆ నంబర్ బాగా పాపులర్ అయింది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ పేరు వల్ల. ఆ పేరుకి అర్థమే 'పది వేల అడుగుల మీటర్'. నడక మంచిదే, కాదనను. కానీ మా టీమ్‌లో ఒకడు లీడర్‌బోర్డ్ కోసం మీటింగ్ అంతా చెయ్యి ఊపుతూ కూర్చునేవాడు. ఆ నెల ఫస్ట్ ప్రైజ్ వాడికే వచ్చింది.

వెల్‌నెస్ ప్రోగ్రామ్‌లు పనిచేస్తాయా?

దీని మీద సీరియస్ రీసెర్చ్ ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో దాదాపు 5,000 మంది ఉద్యోగుల్ని లాటరీ తీసినట్టు విడగొట్టి, కొందరికి వెల్‌నెస్ ప్రోగ్రామ్ ఇచ్చి, మిగతావాళ్లకి ఇవ్వకుండా పోల్చి చూశారు. 2019లో పబ్లిష్ అయిన ఫలితాల ప్రకారం వైద్య ఖర్చుల్లో గానీ, ఆరోగ్య అలవాట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెరిగిన వాటిలో ఒకటి ఏంటో తెలుసా? 'మా సంస్థ మా ఆరోగ్యానికి ప్రాధాన్యం ఇస్తోంది' అనే నమ్మకం!

2024లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ రీసెర్చర్ విలియం ఫ్లెమింగ్ ఇంకో స్టడీ పబ్లిష్ చేశారు. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వే డేటా అది. మైండ్‌ఫుల్‌నెస్ యాప్‌లు, రెజిలియెన్స్ ట్రైనింగ్ లాంటివి వాడినవాళ్లు, వాడనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. ఇది సర్వే కాబట్టి ఇదే ఫైనల్ అనను. నా ఫ్లాట్‌మేట్‌కి మెడిటేషన్ యాప్ వల్ల నిద్ర నిజంగానే బాగుపడింది. వ్యక్తిగతంగా పనికొస్తే వాడండి. కంపెనీ చేయాల్సిన పని దాంతో అయిపోయిందనుకుంటేనే ప్రాబ్లమ్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్న్‌అవుట్‌ని జబ్బుగా లెక్కించలేదు. సరిగ్గా మేనేజ్ చేయని దీర్ఘకాలిక వర్క్‌ప్లేస్ స్ట్రెస్ వల్ల వచ్చే పరిస్థితి అని చెప్పింది. మేనేజ్ చేయాల్సింది ఉద్యోగి ఒక్కడేనా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ 'హ్యూమన్' నేనే

సంక్రాంతికి ఖమ్మం దగ్గర మా ఊరు వెళ్లాను. పండగ వారం నా ఆన్‌కాల్ పడింది. రాత్రి సైరన్ మోగగానే నాకంటే ముందు అమ్మ లేచి వచ్చింది. మా ఊళ్లో అర్ధరాత్రి ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనే లెక్క. "ఎవరికి ఏమైందిరా?" అని అడిగింది, గొంతు వణుకుతోంది. "ఎవరికీ ఏం కాలేదమ్మా, డిస్క్ నిండింది" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, దానికోసం మా అమ్మని ఎందుకు లేపాల్సి వచ్చిందో నాకూ అర్థం కాలేదు.

తర్వాతి నెలలో అసలు దెబ్బ తగిలింది. ఒక రాత్రి నాలుగు అలర్ట్‌లు వచ్చాయి. మొదటి మూడూ ఎప్పుడూ వచ్చేవే. నాలుగోది వచ్చినప్పుడు సగం నిద్రలో, చదవకుండానే ఎక్నాలెడ్జ్ నొక్కేసి పడుకున్నాను. అది మాత్రం నిజం అలర్ట్. ఒక పేమెంట్ క్యూ ఆగిపోయింది. ఐదు గంటల పాటు కస్టమర్ల ఆర్డర్లు అందులోనే ఇరుక్కుపోయాయి.

మర్నాడు రిపోర్ట్‌లో రూట్ కాజ్ దగ్గర 'హ్యూమన్ ఎర్రర్' అని రాశారు. ఆ హ్యూమన్ నేనే. తప్పు నాదే, ఒప్పుకున్నాను. ఉద్యోగం ఉంటుందా పోతుందా అని రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ రూట్ కాజ్ అంటే రూట్ దాకా వెళ్లాలి కదా. అంతకుముందు మోగిన మూడు పనికిమాలిన అలర్ట్‌ల గురించి ఆ రిపోర్ట్‌లో ఒక్క లైన్ కూడా లేదు.

ఒక స్ప్రెడ్‌షీట్ చేసిన పని

నేను, ఇంకో ఇద్దరు కూర్చుని ఆ నెలలో రాత్రిపూట వచ్చిన అలర్ట్‌లన్నీ ఒక షీట్‌లో పెట్టాం. ఏ టైమ్‌కి వచ్చింది, లేచినవాళ్లు ఏం చేశారు, పొద్దున్న దాకా ఆగితే ఏమయ్యేది అని మూడే కాలమ్స్. మొత్తం 46. అందులో 34 సార్లు మేం చేసిన పని ఎక్నాలెడ్జ్ నొక్కడం మాత్రమే. 7 పొద్దున్న చూసుకున్నా సరిపోయేవి. నిజంగా మనిషి లేవాల్సినవి 5.

ఇక్కడ వాచ్‌కి క్రెడిట్ ఇవ్వాలి. నా స్లీప్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు ఆ అలర్ట్ టైమ్‌ల పక్కన పెట్టాను. గ్రాఫ్‌లో గుంట పడిన ప్రతిచోటా ఒక అలర్ట్ ఉంది. అయితే ఆ డేటా నా అంతట నేను చూపించాను. అందరి స్ట్రెస్ స్కోర్లూ హెచ్ఆర్ డాష్‌బోర్డ్‌లో కనపడాలంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ ఆఫీస్ వాచ్ ఇస్తే, డేటా ఎవరి అకౌంట్‌కి సింక్ అవుతోందో ముందు చెక్ చేయండి.

మా మేనేజర్ మంచాయనే. కానీ షీట్ చూడగానే, "అలర్ట్‌లు తగ్గించాక రేపు ఒకటి మిస్ అయితే క్లయింట్‌కి నేనేం చెప్పాలి?" అన్నారు. "ఆల్రెడీ ఒకటి మిస్ అయింది కదా సర్. అన్నీ ఉంచినందుకే మిస్ అయింది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ వారం ఆన్‌కాల్ ఆయనే తీసుకున్నారు. వారం పూర్తయ్యాక ఇంక వాదన లేదు.

చేసిన మార్పులు పెద్ద రాకెట్ సైన్స్ ఏమీ కాదు. మనిషి చేసే పనేమీ లేని అలర్ట్ రాత్రి మోగకూడదు, టికెట్‌గా మారి పొద్దున్న కనపడాలి. డిస్క్ 80 శాతం దాటగానే కాకుండా, నిండిపోయే వేగం చూసి మోగాలి. రాత్రి లేచినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం నుంచి వస్తే చాలు, పర్మిషన్ అడగక్కర్లేదు. ప్రతి సోమవారం అరగంట కూర్చుని గత వారం అలర్ట్‌లు చూసి, అనవసరమైనవి తీసేయాలి. గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ పుస్తకంలో 12 గంటల ఆన్‌కాల్ షిఫ్ట్‌లో రెండు ఇన్సిడెంట్‌లకి మించకూడదని ఉంటుంది. ఆ లిమిట్ మేమూ రాసిపెట్టుకున్నాం.

రెండు నెలల్లో రాత్రి అలర్ట్‌లు 46 నుంచి 9కి వచ్చాయి. అన్నీ బాగుపడ్డాయని అబద్ధం చెప్పను. రిలీజ్ వారంలో ఇప్పటికీ లేట్ అవుతుంది, యూఎస్ క్లయింట్‌తో రాత్రి తొమ్మిదిన్నర కాల్ ఇప్పటికీ ఉంది. కానీ సైరన్ మోగితే ఇప్పుడు నిజంగా చదువుతాను. మోగితే విషయం ఉన్నట్టే అని తెలుసు కాబట్టి.

ఈ రోజే మీరు మార్చుకోగలిగేవి

టీమ్ మారడానికి టైమ్ పడుతుంది. ఈలోపు మీ ఫోన్‌లో కొన్ని చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆఫీస్ వాళ్లు వర్క్ ప్రొఫైల్ సెటప్ చేసి ఉంటే, సాయంత్రం దాన్ని పాజ్ చేయండి. ఆఫీస్ యాప్‌లన్నీ ఒకేసారి నిద్రపోతాయి. ఐఫోన్‌లో ఫోకస్ మోడ్‌కి టైమ్ షెడ్యూల్ పెట్టుకోవచ్చు. ఆన్‌కాల్ ఉన్నవాళ్లు ఆ ఒక్క యాప్‌కి మాత్రమే డు నాట్ డిస్టర్బ్ నుంచి మినహాయింపు ఇవ్వండి, మిగతా ఆఫీస్ నోటిఫికేషన్లకి వద్దు.

మన దగ్గర అసలు తలనొప్పి ఆఫీస్ వాట్సాప్ గ్రూప్. 2023 చివర్లో ఆండ్రాయిడ్‌లో ఒకే యాప్‌లో రెండు అకౌంట్లు పెట్టుకునే ఫీచర్ వచ్చింది. రెండో నంబర్ ఉంటే ఆఫీస్‌కి అది ఇవ్వండి. మీరే రాత్రి 11కి పని చేస్తుంటే మెయిల్‌ని 'షెడ్యూల్ సెండ్'తో పొద్దున్నకి పెట్టండి. మన స్ట్రెస్ గురించి మాట్లాడే మనమే జూనియర్‌కి అర్ధరాత్రి మెసేజ్ పెడితే ఎలా?

చట్టం సంగతికొస్తే, పని గంటల తర్వాత ఆఫీస్ మెసేజ్‌లకి దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. మన పార్లమెంట్‌లో 2018లోనే సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి ఇప్పటికి మన స్ప్రెడ్‌షీటే మన చట్టం.

ఫైనల్‌గా

వాచ్ ఇంకా నా చేతికే ఉంది. నిద్ర, నడక చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దిగులు వదలకపోతే వాచ్‌ని కాదు, మనిషిని నమ్మండి. డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

మొన్న ఆఫీస్‌లో వెల్‌నెస్ సర్వే మళ్లీ వచ్చింది. 'మీ స్ట్రెస్ తగ్గించడానికి మేం ఏం చేయగలం?' అని చివర్లో ఒక బాక్స్. పోయినసారి అందులో 'ఏమీ లేదు' అని రాసి వదిలేశాను. ఈసారి ఇంకా మిగిలిన తొమ్మిది అలర్ట్‌ల పేర్లు వరుసగా రాశాను. మీ బాక్స్‌లో కూడా 'వర్క్ లోడ్ ఎక్కువ' అని రాయకండి. ఏ పని, ఏ టైమ్‌కి, ఎన్నిసార్లు అని బగ్ రిపోర్ట్ రాసినట్టు రాయండి. స్టెప్స్ లేని బగ్‌ని ఎవరూ ఫిక్స్ చేయరని మనకి తెలిసిందే కదా.