దుకాణదారు ఒంటరిగా మోస్తున్న బరువు

మన మొహల్లాలలో ఏ వీధిలో అడుగుపెట్టినా ఒక టైలరు దుకాణం, ఒక పంక్చరు షాపు, పరుపులు కుట్టే అంగడి, మాంసం కొట్టు, పండ్ల బండి, మెకానిక్ షెడ్డు తప్పక కనిపిస్తాయి. పట్టణ ముస్లిం శ్రామికులలో సగానికి పైగా స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక స్పష్టం చేసింది. ప్రభుత్వ కొలువులు, కంపెనీ ఉద్యోగాలు అందనిచోట చిన్న దుకాణమే మన కొలువైంది. అందుకే ఒక షట్టరు మూతపడితే ఆ ఇంట బియ్యం సంచీ, ఆడపిల్ల కాలేజీ ఫీజు, ముసలితల్లి మందులు మూడూ ఒకేసారి ఆగిపోతాయి.

ఆ షట్టరు వెనుక కూర్చున్న మనిషి ఈనాడు ఊపిరి సలపని స్థితిలో ఉన్నాడు. తెల్లవారితే సరుకు తేవాలి, మధ్యాహ్నానికి ఫైనాన్సు మనిషి వస్తాడు, సాయంత్రానికి కరెంటు బిల్లు గడువు ముగుస్తుంది. ఈ మధ్యలో ఏదో కార్యాలయం నుంచి నోటీసు వస్తే అది చదవకుండానే సొరుగులోకి పోతుంది. రాత్రి నిద్ర పట్టదు. ఇంట్లో మాట పెళుసవుతుంది. నమాజుకు నిలబడినా మనసు గల్లాపెట్టె చుట్టూ తిరుగుతుంది. 'సబ్ర్ చెయ్యి నాయనా' అంటారు పెద్దలు. సబ్ర్ ఉత్తమ గుణమే. అయితే సాటివాడి బరువుకు భుజం ఇవ్వకుండా అతనికి సబ్ర్ బోధించడం మాత్రం న్యాయం కాదు.

మేము ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాల నడుమ జీవితం గడిపినవాళ్లం. ఎంత చిన్న కార్యాలయంలోనైనా తపాలా తీసుకునేందుకు ఒకరు, పద్దులు రాసేందుకు ఒకరు, సంతకం చేసేందుకు ఒకరు ఉంటారు. దుకాణదారు ఈ అందరి పనీ ఒక్కడే చేస్తాడు. పైగా దస్త్రాలన్నీ తలలోనే పెట్టుకుంటాడు. పని ఎక్కువ కావడం అతని అలసటకు ఒక కారణం. ఏది ఎప్పటిదో తేలకుండా అన్నీ కలగలిసిపోవడం అంతకన్నా పెద్ద కారణమని మా అభిప్రాయం. దస్త్రాలు గుట్టపడినప్పుడు అనుభవమున్న గుమస్తా మొదట వాటిని వేరుచేస్తాడు: ఈరోజే తేలవలసినవి, ఈ వారంలో తేలవలసినవి, ఈ నెలలో చూడదగినవి. గుట్ట అంతే ఉంటుంది, భయం సగం తగ్గుతుంది. దుకాణదారు తలలోని గుట్టనూ ఇలాగే విడదీయాలి. అందులో మూడు కట్టలున్నాయి: పద్దు, కాగితం, అప్పు.

మొదటిది పద్దు. ఖుర్ఆన్‌లోని ఆయత్‌లలోకెల్లా దీర్ఘమైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. అది అప్పు లావాదేవీలను రాసి ఉంచుకోమని ఆదేశిస్తుంది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుపడవద్దంటుంది. ఈ ఆదేశం ఉన్నా మన దుకాణాలలో ఉద్దర ఖాతా నోటిమాటగానే నడుస్తోంది. ఒక ఉదాహరణ చూడండి. ఒక కిరాణా కొట్టులో రోజుకు నాలుగు వేల రూపాయల అమ్మకం జరిగిందనుకుందాం. సరుకు ఖరీదు 3,200, అద్దె, కరెంటు, రవాణా కలిపి 300 పోగా మిగిలేది 500. కానీ గల్లాలో నాలుగు వేలు కనిపిస్తాయి. అందులోంచి ఇంటి ఖర్చుకు వెయ్యి తీస్తే ఆ రోజు 500 రూపాయల సరుకును తినేసినట్టే. ఇలా పది రోజులు సాగితే అరల్లో సరుకు తగ్గిపోతుంది. ఎందుకు తగ్గిందో యజమానికి అర్థం కాదు. బర్కత్ లేదని వాపోతాడు.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, షట్టరు దించేముందు పది నిమిషాలు చాలు. వచ్చింది, పోయింది, రావలసింది అని మూడు గళ్లు గీయాలి. ఇంటి ఖర్చుకు రోజుకు ఇంతని ఒక జీతం నిర్ణయించుకుని అంతే తీసుకోవాలి. ఫోనులో వచ్చే యూపీఐ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా ఉంటే మరీ మంచిది.

రెండవది కాగితం. మన చిన్న వ్యాపారులు ఎక్కువగా భయపడేది దీనికే. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ జమల ఆధారంగా చిన్న దుకాణదారులకు జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు చాలామంది ఫోను చెల్లింపులే మానుకుని నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టారు. అలా దాక్కోవడం వల్ల ప్రశ్న తీరదు. పద్దు ఉన్నవాడు తన అమ్మకమెంత, అందులో పన్ను లేని సరుకెంత అని చూపగలడు. లేనివాడు బ్యాంకు ఖాతాలో పడిన ప్రతి రూపాయికీ సంజాయిషీ వెతుక్కోవాలి.

నిజానికి కాగితాల పని మనం ఊహించుకున్నంత కొండ కాదు. రాష్ట్రం లోపలే సరుకు అమ్ముకునేవారికి సాధారణంగా ఏడాది అమ్మకం ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆపై కోటిన్నర వరకు కాంపోజిషన్ పథకం ఉంది. దానిలో చేరిన వ్యాపారి అమ్మకంపై 1 శాతం చొప్పున మూడు నెలలకొకసారి చెల్లించి, ఏడాదికొక రిటర్ను వేస్తే సరిపోతుంది. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఉచితంగా జరిగే ఈ నమోదుకు ఎవరైనా వందలు, వేలు అడిగితే ఇవ్వనవసరం లేదు.

వీధి వ్యాపారులకైతే కాగితమే కవచం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే ముగిసి విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం కల్పించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మన పట్టణ కమిటీలో మన పేరున ఎవరు కూర్చుంటున్నారని ఎన్ని మొహల్లాలు అడిగాయి? బండిని లారీలోకి ఎక్కించిన రోజున ఏడ్చే మనం సర్వే జరిగే రోజున పేరు రాయించుకోవడం లేదు.

మూడవది అప్పు. రోజువారీ ఫైనాన్సు లెక్క అందరికీ తెలిసిందే. పది వేలు రాయించుకుని చేతిలో 8,500 పెడతారు; వంద రోజులపాటు రోజుకు వంద వసూలు చేస్తారు. రోజురోజుకూ అసలు తగ్గుతూ పోతుంది కనుక ఏడాది లెక్కన చూస్తే వడ్డీ నూటికి నూరు దాటుతుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ ఉదంతం బయటపడినప్పుడు ఇటువంటి అప్పు ఎంత దూరం తీసుకుపోగలదో రాష్ట్రమంతా చూసింది. అప్పులో కూరుకున్నవాడు చేయవలసిన మొదటి పని ఎవరికెంత ఇవ్వాలో ఒకే కాగితంపై రాసుకోవడం. రెండవది, ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేయకపోవడం.

సమాజం చేయవలసింది ఇంకా ఎక్కువ. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారూ ఉన్నారు. అయినా మన జకాత్‌లో ఎక్కువ భాగం రంజాన్ నెలలో చిన్న చిన్న మొత్తాలుగా చెదిరిపోతుంది. ఒక మొహల్లా జకాత్‌తో ఏటా ఇద్దరు దుకాణదారులను ఫైనాన్సు ఉచ్చు నుంచి పూర్తిగా విడిపించినా రెండు కుటుంబాలు నిలబడతాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వడ్డీలేని పొదుపు సంఘం పెట్టుకునే వీలూ ఉంది. బ్యాంకు రుణం తీసుకోవాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవలసిన విషయం. కానీ ముద్రా పథకపు శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు ఆస్తి తాకట్టు అడగరాదన్న సంగతి, వీధి వ్యాపారులకు 2020 నుంచి స్వనిధి పథకం ఉన్న సంగతి తెలిసి ఉండటం మన హక్కు.

రావలసిన బాకీ కూడా అప్పు లాంటి బరువే. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజు చేసే చేతికి డబ్బు సకాలంలో దక్కాలి కదా! 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం ఉద్యమ్‌లో నమోదైన తయారీదారుకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలి. చెల్లించకుంటే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇవన్నీ దుకాణదారు ఒక్కడే తెలుసుకుని, ఒక్కడే రాసి, ఒక్కడే తిరగాలంటే అతని బరువు ఇంకా పెరుగుతుంది. అందుకే మా ప్రతిపాదన ఇది. ప్రతి మొహల్లాలో వారానికి ఒకరోజు అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఒక సహాయ బల్ల నడవాలి. పదవీ విరమణ చేసిన ఇద్దరు ఉద్యోగులు, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు అక్కడ కూర్చోవాలి. నోటీసులు చదివి చెప్పాలి, దరఖాస్తులు నింపాలి, పద్దు రాయడం నేర్పాలి. ఇంట్లో కుట్టుపని, పచ్చళ్ల వ్యాపారం చేసుకునే అమ్మలు, అక్కలు సంకోచం లేకుండా రాగలిగే బడి గదో, సామాజిక భవనమో అందుకు ఎంచుకోవాలి.

పరువు పోతుందని కొందరు వెనుకాడతారు. అప్పు సంగతి వినేది ఒక్కరే కావాలి. ఆ మాట వారివద్ద అమానత్‌గా ఉండాలి. ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా అని మరికొందరు అడుగుతారు. అవును, చేయవలసిందే. అయితే ప్రభుత్వాన్ని నిలదీయాలన్నా చేతిలో లెక్క ఉండాలి. ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎందరికి తిరస్కరించారు, ఏ కారణం చెప్పారు అని ఆ బల్ల మీది రిజిస్టరులో తేదీలతో రాస్తే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద వేసే ప్రతి ప్రశ్నకూ బలం వస్తుంది. అన్యాయం జరుగుతోందని వందసార్లు అనడం కన్నా యాభై తిరస్కరణల జాబితా కలెక్టరు ముందుంచడం మేలు.

ఇందాక చెప్పిన ఆయత్‌లో మరో ఆదేశం కూడా ఉంది: రాయడం వచ్చినవాడు రాయడానికి నిరాకరించకూడదు. అది మాలాంటి పింఛనుదారులకు, మన పట్టభద్రులకు నేరుగా వర్తిస్తుంది. జీవితమంతా సర్కారు దస్త్రాలు రాసిన చేతులు వారానికి రెండు గంటలు తన మొహల్లా కోసం రాయలేవా? ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక రిజిస్టరు కావాలి. వచ్చే జుమా తర్వాత మీ మస్జిద్ కమిటీని ఈ మాట అడగండి.