ఉప్పల్ పిన్‌కోడు ప్రధాన సంఖ్యేనా?

పిల్లలూ! ఉత్తరం మీద చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు రాస్తాం గదా. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఉప్పల్‌కు 500039, నాచారానికి 500076. ఊళ్ళు పక్కపక్కనే, సంఖ్యల స్వభావాలు మాత్రం వేరు.

మా బడికి ఈ రెండు చోట్ల నుంచీ పిల్లలు వస్తారు. ఒకరోజు లెక్కల మాస్టారు సెలవు పెడితే, సైన్సు చెప్పే నేను ఎనిమిదో తరగతికి వెళ్ళి, ఎవరి పిన్‌కోడుకు వారిని కారణాంకాలు కనుక్కోమన్నాను. నాచారం వాళ్ళు త్వరగానే 2×2×3×3×29×479 అని తేల్చారు. ఈ సంఖ్యకు 36 భాజకాలు. తనను వదిలి మిగతా 35 భాజకాలను కూడితే 810324, అసలు సంఖ్యను మించిపోయింది! ఇలాంటివాటిని ప్రాచీన గ్రీకులు సమృద్ధ సంఖ్యలుగా వర్గీకరించారు.

ఉప్పల్ వాళ్ళు 7, 11, 13 అంటూ ఒక్కొక్కటే ప్రయత్నించారు. ప్రతిసారీ శేషం మిగిలింది. "ప్రధాన సంఖ్యేనా సార్?" అన్నారు. 31 దాకా చూసి, అవునని నల్లబల్ల మీద రాసేశాను. గంట కొట్టారు.

మర్నాడు ఒక అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. పేజీల నిండా భాగహారాలే. "673తో శేషం సున్నా వచ్చింది సార్" అంది. నిజమే, 673×743 = 500039. ప్రధాన సంఖ్యల వరుసలో 673 ది 122వ స్థానం! 500039 వర్గమూలం 707 కంటే కాస్త ఎక్కువ. రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని మించితే వాటి లబ్ధం అసలు సంఖ్యను మించిపోతుంది కనుక 707 దాకా చూస్తే చాలు. ఆ పిల్ల అక్కడికి దాదాపు చేరింది. ఆమె చూడవలసినవి ఇంక నాలుగే మిగిలాయి. నేను మొదటి పదకొండింటితోనే ఆగిపోయాను.

తప్పు చేసినందుకు సిగ్గుపడ్డాను గాని, నా అసలు బాధ వేరు. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఒక ఉపాయం చెప్పాడు. 707 తరువాతి సంఖ్య 708. దాని వర్గం 501264. అందులోంచి 500039 తీసివేస్తే 1225, అంటే 35 వర్గం. కనుక 708−35, 708+35 మన కారణాంకాలు. ఒక్క తీసివేతతో పని అయిపోయింది! ఇది ఎనిమిదో తరగతిలో వల్లె వేసే 'ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్' సూత్రమే గదా. సర్వసమీకరణాలు ఒక పాఠం, కారణాంకాలు ఇంకో పాఠం. ఆ రెంటినీ మేం మీకు కలిపి చూపించం. ఇచ్చే లెక్కలన్నీ 2, 3, 5లకు లొంగేవే. ఏడాదికి ఒక్కటైనా మొండి సంఖ్య ఇవ్వాలనీ, జవాబుకే కాక ప్రయత్నానికీ మార్కులు వేయాలనీ నా అభిప్రాయం.

ఫోను క్షణంలో చెబుతుంది గదా అంటారు కొందరు. ఆరంకెలకు చెబుతుంది. కానీ వందల అంకెలున్న సంఖ్యను విడదీయడం కంప్యూటర్లకే కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ రూపొందించిన రహస్య లిపికి ఆ కష్టమే పునాది. ఫెర్మా ఉపాయమూ అన్నిచోట్లా పనిచేయదు. ఉప్పల్ సంఖ్యకు కారణాంకాలు రెండూ దగ్గర దగ్గరగా ఉండటం మన అదృష్టం.

ఇక హబ్సిగూడ వాళ్ళకు 500007. అంకెల మొత్తం 12, కనుక 3తో భాగించవచ్చు. మిగిలిన 166669 సంగతి మీరే తేల్చండి. అవసరమైతే 408 దాకా వెళ్ళాలి సుమా!